మేస్త్రి చెప్పిన ఎలక

"పాకాల మేస్త్రి పోయినాడంటప్పా" అని బస్టాండులో టీ కొట్టాయన చెప్పాడు. గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. ఈ మధ్య చావు కబుర్లు వినీ వినీ అలసిపోయాను. అయినా ఆ రోజు కారు తీయబుద్ధి కాలేదు.

కార్లు బాగుచేసే ఆ మేస్త్రి వెంటనే బానెట్ ఎత్తేవాడు కాదు. వెనక సీట్లో కూర్చుని "పోనీప్పా" అనేవాడు. యాడ మొదలయింది, ఎత్తులోనా, చదునులోనా అని విసుగు పుట్టేదాకా అడిగేవాడు. "పెట్రోలు కంటికి కనపడతాది, అందురూ దాన్నే పట్టుకుంటారు. ఇంజనుకు గాలెంత పోతాండాదో ఎవురూ సూడరు" అనేవాడు.

అప్పట్లో నేను తిరుపతిలో ఒకాయన టాక్సీ నడిపేవాణ్ణి. ఊళ్లో బాగానే తిరిగే కారు ఘాట్ రోడ్డు ఎక్కగానే నల్లపొగ కక్కి ఆగిపోయేది. ప్లగ్గులు మార్చారు, కార్బురేటర్ మూడుసార్లు విప్పారు. ఫలితం లేదు. "ఇంకోసారి కొండమీద నిల్చిందంటే తాళాలిచ్చేసి పో" అన్నాడు ఓనరు. ఇంట్లో నా భార్యకు నెలలు నిండాయి. నాకు డ్రైవింగు తప్ప వేరే పని రాదు.

ఓనరూ నేనూ కారును పాకాల తీసుకుపోయాం. ఊరి బయట ఎత్తు మీద నడిపించి చూసి, "పొగ నల్లగా ఉండాది. గాలి సాల్లేదు" అన్నాడు మేస్త్రి. ఎయిర్ ఫిల్టర్ విప్పేసి నడిపితే కారు అదే ఎత్తును అనాయాసంగా ఎక్కింది. షెడ్డుకు వచ్చాక ఫిల్టర్‌కు గాలి పోయే గొట్టంలోకి వేళ్లు పెట్టి ఏదో లాగాడు.

అది మా ముడుపు. కాన్పు సుఖంగా జరగాలని నా భార్య పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల కట్టింది. రోజూ కొండెక్కే కారులో ఉంటే ముడుపు రోజూ స్వామి దగ్గరికి పోయొచ్చినట్టేనని నా తెలివి. అద్దం దగ్గర ఏదీ వేలాడదీయకూడదని ఓనరు ఆంక్ష పెట్టాడు. అందుకని బానెట్ కింద గాలి గొట్టం మూతికి కట్టాను. ఒకరోజు చూస్తే కనపడలేదు. దారిలో ఎక్కడో పడిపోయిందనుకున్నాను. ఆ పాపానికే కారు ఆగిపోతోందని ఎంత ఏడ్చానో.

మేస్త్రి నా మొహం చూశాడు. గుడ్డను గుప్పిట్లో నలిపేసి, ఓనరుతో "ఎలక గూడు కట్టిండాదన్నా. డ్రైవరు తప్పేం లేదు" అన్నాడు. ఓనరు వంగి ఆ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన టీకి పోయాక, మేస్త్రి ముడుపు నా చేతిలో పెట్టి, "అలిపిరి నుంచి నడిచిపోయి ఇచ్చిరాప్పా" అన్నాడు. అంతే. తర్వాత మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. నేనూ సిగ్గుతో ఎత్తలేదు. నా బతుకు నిలబెట్టిన మనిషికి ఒక్క మంచిమాట చెప్పుకోలేదే అని ఇప్పుడు బాధగా ఉంది.

కర్మక్రియల రోజు ఓనరూ వచ్చాడు. భోజనాల్లో నా పక్కనే కూర్చున్నాడు. ఇక దాచలేకపోయాను.

"అన్నా, ఆ పొద్దు గొట్టంలో ఉన్నింది ఎలక గూడు కాదు."

"తెలుసులేప్పా. గొట్టం పట్టుకుంటే నా వేళ్లకంతా పసుపు అంటింది."

"మరి ఏమీ అనలేదే?"

"ఉన్నదున్నట్టు మొగానే చెప్పే మనిషి, నీకోసం అబద్ధం చెప్పినాడు. ఇంక నేనేం మాట్లాడేది?"

ఇద్దరం లేచాం. తొట్టి దగ్గర నేను చెంబు అందుకోబోతే, ఓనరే తీసుకుని నా చేతుల మీద నీళ్లు పోశాడు.