ఉప్పెక్కువైన పులుసు ఎపిసోడ్

ఆ రోజు పొద్దున మా ఆయన చాయ్ గ్లాసు నోటి దాకా తీసుకెళ్లాడు కానీ చాయ్ లోపలికి పోలేదు. పెదవి కుడి చివర నుంచి చొక్కా మీదికి కారింది. ఏమైందని అడిగితే ఏదో అన్నాడు. వినడానికి మాటలాగే ఉంది, కానీ ఏ మాటా కాదు. టీవీ సీరియల్ మనుషుల్లా మాట్లాడి నవ్వించడం ఆయనకు అలవాటు. "పొద్దుగాల పొద్దుగాల ఏం యాక్టింగ్ జేస్తున్నవ్?" అన్నాను. అంతలోనే గ్లాసు చేతిలోంచి జారిపోయింది.

మేం ఇంద్రేశంలో ఉంటాం. ఆయన పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో వెల్డర్‌గా చేసి రిటైరయ్యాడు. పక్కింటి లక్ష్మి వాళ్ల ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. మా కూతురు స్వప్న కిష్టారెడ్డిపేట నుంచి నేరుగా అక్కడికే వచ్చింది. సీటీ స్కాన్ తీశారు, తర్వాత ఎమ్మారై.

"స్ట్రోక్ అమ్మా. మెదడులో ఎడమవైపు క్లాట్ ఉంది. కుడి చెయ్యి, కాలు ఫిజియోథెరపీతో మెల్లగా మెరుగవుతాయి," అన్నారు డాక్టర్.

"మరి మాట సార్?"

"దీన్ని అఫేసియా అంటాం. మీరు చెప్పేది ఆయనకు చాలావరకు అర్థమవుతుంది. తను చెప్పాలనుకున్నదానికి పదం దొరకదు. ఎంతవరకు తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేం."

కాలు కుంటినా, చెయ్యి లేవకపోయినా నేను చూసుకోగలను. ఈ మనిషి మళ్లీ నాతో మాట్లాడతాడా అన్నదే నా భయం.

ఇంటికొచ్చాక కర్ర పట్టుకుని నడవడం మొదలైంది. మాట మాత్రం రాలేదు. స్పీచ్ థెరపిస్ట్ అమ్మాయి బొమ్మల కార్డులిచ్చింది. నేను అక్షరాలు నేర్చుకున్నది కూతురి పెళ్లయ్యాకే. బొమ్మ కింద పదాన్ని కూడబలుక్కుని చదివేదాన్ని. ఆయన బొమ్మనే చూస్తూ కూర్చునేవాడు.

మేమిద్దరం ఏళ్ల తరబడి చూసిన పాత ఫ్యామిలీ సీరియల్ ఒకటుంది. ఒక మామగారు, ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్లు. ఇప్పుడది ఫోన్‌లో దొరుకుతుంది. ఆయనకిష్టమైన ఎపిసోడ్లను స్వప్న వెతికి పెట్టింది. అందులో ఇల్లు పంచుకునే ఎపిసోడ్ ఉంది. ఇత్తడి గిన్నెలన్నీ వరండాలో వరుసగా పెట్టి ఉంటాయి. మామగారు కొడుకులతో, "గోడ కట్టుకోండి, నేను వద్దనను. కానీ ఆ గోడకు ఒక తలుపు పెట్టండి" అంటాడు. ఆ మాట ఫోన్‌లో వినపడకముందే మా ఆయన నోరు తెరిచాడు. "ఆ గోడకు ఒక తలుపు పెట్టండి" అన్నాడు, ఒక్క ముక్క తడబడకుండా.

నేనూ స్వప్నా ఒకరినొకరం పట్టుకుని ఏడ్చాం. మళ్లీ చెప్పించి వీడియో తీసి చుట్టాలకు పంపింది స్వప్న. ఇక ఫోన్లే ఫోన్లు. "ఏది బావా, ఆ తలుపు డైలాగ్ ఒక్కసారి కొట్టు!" అనేవాడు మా తమ్ముడు. ఆయన చెప్పేవాడు. కానీ అన్నం తింటవా అంటే అదే మాట, నీళ్లు కావాల్నా అంటే అదే మాట. తాను అనాలనుకున్నది అది కాదని ఆయనకు తెలుసు. అన్న ప్రతిసారీ ఎడమ చేత్తో నుదురు కొట్టుకునేవాడు. చివరికి నోరు తెరవడమే మానేశాడు. కార్డులు తోసేశాడు. ఎక్సర్‌సైజులకు కూడా లేవలేదు.

థెరపిస్ట్ అమ్మాయికి అంతా చెప్పాను. "అది ఆటోమేటిక్ స్పీచ్ ఆంటీ. కంఠతా వచ్చిన పాట లాంటిది. రావడం మంచిదే. కానీ ఆయనతో అదే చెప్పించి చప్పట్లు కొట్టకండి. సొంత మాట కోసం చూడండి," అంది.

మా తమ్ముడు మళ్లీ ఫోన్ చేస్తే, "మీ బావేమన్న గంగిరెద్దారా, అడిగినప్పుడల్లా ఆడనీకి?" అని పెట్టేశాను.

ఒక మధ్యాహ్నం లక్ష్మి చిక్కుడుకాయలు తీసుకుని వచ్చింది. ఇద్దరం ఈనెలు తీస్తున్నాం. ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"వదినా, అన్న ఎప్పుడూ ఆ సీరియల్ల ఉప్పు పులుసు ఎపిసోడని జెప్పేటోడు. ఏందది?" అని అడిగింది లక్ష్మి.

"పెద్దకోడలు పులుసుల రెండుసార్లు ఉప్పేస్తది. మామ ఒక్క బుక్క తిని కంచం నూకేస్తడు," అన్నాను. వేరే సీరియల్‌తో కలిపేశానని నాకు తెలియలేదు.

"కాదు."

ఇద్దరం తిరిగి చూశాం. ఆయన ఇటు తిరిగి ఉన్నాడు. ముఖం కోపంతో ఎర్రబడింది.

"చిన్నది... చిన్న కోడలు," అని ఆగిపోయాడు. లక్ష్మి మాట అందించబోతే ఆమె చెయ్యి నొక్కి ఆపాను. చాలాసేపు వెతుక్కున్నాడు. "ముసలోడు... తిన్నడు. మల్ల... మల్ల ఎయ్యుమన్నడు."

ఆ సీరియల్‌లో మామగారిని ముసలోడని ఎవరూ అనరు. పులుసు ఎయ్యుమనరు, వడ్డించమంటారు. ఇవి టీవీలోంచి వచ్చిన మాటలు కావు, మా ఇంట్లోవి.

"అట్లనా? నాకు యాదికి లేదు," అన్నాను.

"నీకేం... యాదుంటది!"

"అన్నకు తిట్టుడు గూడ వచ్చింది వదినా!" అని లక్ష్మి పకపకా నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఇది చెప్తే థెరపిస్ట్ దాన్నే పద్ధతిగా మార్చింది. ఫోన్‌లో సౌండ్ తీసేసి ఎపిసోడ్ పెట్టేవాళ్లం. నేను కథ చెప్పేదాన్ని, అక్కడక్కడా కావాలనే తప్పు చెప్పేదాన్ని. కొన్నిసార్లు దిద్దేవాడు, కొన్నిసార్లు కళ్లు మూసుకునేవాడు. మధ్యలో జ్వరమొచ్చి పడుకుంటే వచ్చిన మాటలు కూడా వెనక్కి పోయాయనిపించింది. మళ్లీ మొదటి నుంచి పట్టుకున్నాం.

ఇప్పుడు చిన్న చిన్న వాక్యాలు మాట్లాడతాడు. టమాటను ఉల్లిగడ్డ అంటాడు, అని తనే నవ్వుతాడు. ఫోన్‌లో మాట్లాడాలంటే ఇంకా భయమే. కుడి చేతికి పట్టు తక్కువ. బీపీ మాత్ర తప్పకుండా వేసుకుంటాడు.

మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే నేను చెప్పేది ఒకటే. వాళ్లు పదం కోసం వెతుక్కుంటున్నప్పుడు మీరు అందించకండి. అది మీ నాలుక మీదికి వచ్చినా మింగేసి ఆగండి. ఇది చెప్పినంత తేలిక కాదు.

మొన్న అంగట్లో కూరగాయల ముందు నిలబడి మా ఆయన నోరు తెరిచి ఆగిపోయాడు. వెనక జనం తోసుకొస్తున్నారు. "అమ్మా, జెర నువ్వన్న చెప్పరాదు, ఏం గావాల్నో," అని విసుక్కుంది అమ్మే ఆమె.

"ఆయన చెప్తడు. ఆగు," అన్నాను.

"కొత్తిమీర," అన్నాడు చివరికి. ఆమె చేతికందిన కట్ట తీసి సంచిలో వేయబోయింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. నేను పళ్లు బిగించుకుని ఊరుకున్నాను.

"వాడింది... వద్దు," అన్నాడు.