చుయ్‌మనని పోపు

అమెరికాలోని అరోరా అనే ఊళ్ళో ఉద్యోగం చేసి రిటైరైన ఇంజనీరు మల్లికార్జునరావుకు దేవుడి మీద పెద్ద గురి లేదు. అయినా ఊళ్ళో తెలుగువాళ్ళంతా ఆయన్ని పరమ భక్తుడనే అనుకునేవారు. చలికాలంలో ఎవరు వెళ్ళినా, వెలిగించిన అగరుబత్తి పట్టుకుని కిటికీ కిటికీకీ చూపిస్తూ కనబడేవాడు మరి. పాపం, ఆయన వెతికేది సందుల్ని. పొగ వణికితే అక్కడ గాలి దూరుతున్నట్టు. వెంటనే సీలెంట్ కొట్టి ఆ సందు పూడ్చేవాడు. మూడు చలికాలాలు అదే పని. 2009 నాటికి ఇంట్లో చీమ దూరే సందు లేదు. ఆ మాట చెప్పకుండా వచ్చినవాళ్ళకు కాఫీ ఇచ్చేవాడు కాదు.

ఆ ఏడే ఆయన భార్య జానకీదేవి మోకాళ్ళకు సెగ బాగుంటుందని హాల్లో కట్టెల స్టవ్ పెట్టించుకుంది. మొదటి సాయంత్రం అది వెలిగించి, వంటింట్లో పప్పులోకి పోపు వేస్తూ, ఘాటు పోవాలని వంట పొయ్యి మీది ఫ్యాన్ వేసింది. అంతే, స్టవ్ పొగగొట్టంలోంచి పైకి పోవలసిన పొగ వెనక్కి తిరిగి హాల్లోకి వచ్చింది. పొగ అలారాలు మోగాయి. ఫ్యాన్ గాలిని బయటికి తోసేస్తోంది, బదులు గాలి రావడానికి ఇంటికి మిగిలిన దారి ఆ గొట్టం ఒక్కటే.

స్టవ్ పెట్టినవాడు వచ్చి చూసి నవ్వాడు. గోడకు నాలుగంగుళాల కన్నం పెట్టి, బయటి గాలి తిన్నగా స్టవ్‌కే అందేలా పైపు వేస్తే సరి అన్నాడు. రావుకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ మూసింది తన ఇంటికి తనే కన్నం వేసుకోడానికా? కుదరదన్నాడు. కిటికీ అంగుళం తెరిచినా ఒప్పుకోలేదు. ఇంజనీరు బుర్ర కదా, ఉపాయం తట్టింది. పోపు గరాజ్‌లో కరెంటు హాట్ ప్లేట్ మీద వేసుకోమన్నాడు.

జానకీదేవి సరేనంది. కోటు, టోపీ, బూట్లు వేసుకుని కారు పక్కన నిలబడి ఆవాలు చిటపటలాడించేది. గరిటె పట్టుకుని వంటింటికి వచ్చేసరికి నూనె చల్లారిపోయేది. ఇలా పదకొండు రోజులు. పన్నెండో రోజు ఆవిడ పప్పు గిన్నె తెచ్చి ఆయన ముందే పోపు వంచింది.

"ఏవండీ, ఏమైనా వినబడిందా?"

"లేదు."

"పెళ్ళయిన నలభై ఏళ్ళలో ఒక్కరోజైనా చుయ్‌మనని పప్పు పెట్టానా మీకు?"

ఆయన అన్నం కెలికాడు. ఆవిడ తిట్టినా బాగుండేదనిపించింది. సిగ్గేసింది.

మర్నాడు ఆ స్టవ్ మనిషిని పిలిపించి కన్నం పెట్టించాడు. రంపం గోడలో దిగుతుంటే ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పైపు బిగించి, స్టవ్ వెలిగించి, ఫ్యాన్ వేసి, మంచులోకి వెళ్ళి ఆ కన్నం ముందు అగరుబత్తి పట్టాడు. పొగ బుద్ధిగా లోపలికి పోయింది. వీధిలో కారాపిన తెలుగాయన ఎవరో గోడకు దణ్ణం పెట్టుకుని వెళ్ళాడు.

రావు బూట్లయినా విప్పకుండా వంటింట్లోకి పరిగెత్తాడు. హాల్లో పొగ లేదు. జానకీదేవి కాగిన పోపు గరిటె పప్పు గిన్నె మీద పట్టుకుని, ఆయన కోసమే ఆగి ఉంది.

"వచ్చారా? వినండి," అని వంచింది.