పిన్ని చేతిలో చెక్క

మా పిన్ని మూడో తరగతి టీచరు. సిస్టర్లు నడిపే బడిలో ఇరవై ఎనిమిదేళ్లుగా అదే గది, అదే బల్ల. నేను అదే బడి ఆఫీసులో గుమాస్తాని. ఇంట్లో పిన్ని, బడిలో టీచర్ గారు. పొరపాటున బడిలో "పిన్నీ" అన్నానా, ఆ పూటంతా నా మొహం చూడదు.

ఆవిడ వారం పొల్లు పోకుండా నడవాలి. సోమవారం గోళ్లు, బూట్లు. బుధవారం జపాలన్నీ తడుముకోకుండా అప్పజెప్పాలి. శుక్రవారం పొద్దున చాపెల్‌లో పూజ, మధ్యాహ్నం ఆఖరి పీరియడ్‌లో నడవడిక కార్డులు. తెల్లది మంచిది, నీలం పర్వాలేదు, పసుపు వస్తే ఇంటికెళ్లే దారి పొడుగవుతుంది. కార్డు అందుకునే ముందు ప్రతి పిల్లా తలుపు పక్క ఎర్ర గచ్చు మీద నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, తల దించుకుని, ఆ వారం చేసిన తప్పు తన నోటితో తనే చెప్పాలి. ఒప్పుకున్న తప్పుకి పసుపు కార్డు ఉండదు, దాచిన తప్పుకే. ఈ పద్ధతి పెట్టింది పిన్నే. సొంత అక్క కూతురినని నన్నేమీ వదిలిపెట్టలేదు, నేనూ ఆ గచ్చు మీద ముక్కు చీదుకున్నదాన్నే.

పూజలో పిల్లల్ని నడిపించేది కూడా ఆవిడే. అరచేతిలో పట్టేంత రెండు చెక్క ముక్కలు, మధ్యలో మడతబందు. మూస్తే టక్కుమంటుంది. ఒక్క దెబ్బకి మూడు వందల మంది మోకరిస్తారు, రెండు దెబ్బలకి లేచి నిలబడతారు. ఆ చెక్క ఇంకొకరి చేతికి వెళ్లడం నేను చూడలేదు. ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చినా శుక్రవారం మాత్రం మానేది కాదు.

రెండేళ్లుగా ఆవిడకి చెవులు సరిగ్గా వినపడటం లేదు. అది నాకు తప్ప ఎవరికీ తెలియదు. "మిషన్ పెట్టించుకో పిన్నీ" అని ఇంట్లో రోజూ పోరేదాన్ని.

"పెట్టుకుంటే అందరికీ తెలిసిపోదూ? చెక్క లాక్కుని, లైబ్రరీలో దుమ్ము దులుపుకోమంటారు."

"దులుపు. ఎవరో ఒకరు దులపాలిగా."

"ఏంటీ?"

"ఏం లేదు తల్లీ!"

మొండిఘటం. ఫాదర్ ఎప్పుడు చేతులెత్తుతారో, ఎప్పుడు తల వంచుతారో ఆవిడకి కంఠతా వచ్చు. ఆయన చేతులు చూసి చెక్క కొట్టేది, పెదాలు చూసి జవాబు చెప్పేది. పిల్లలు కూడా పసిగట్టలేదు.

ఆ శుక్రవారం మా ఫాదర్‌కి జ్వరం. బదులుగా ఓ కుర్ర ఫాదర్ వచ్చారు. గొంతు మెత్తన, చేతులు మాత్రం ఒక్కచోట ఆగవు. ప్రసంగం మధ్యలో ఏదో చెబుతూ రెండు చేతులూ కలిపి తల వంచారు. టక్! మూడు వందల మందీ దభాలున మోకాళ్ల మీద పడ్డారు. ఫాదర్ నోరు తెరిచి ఉండిపోయారు. వెనకెక్కడో కిసుక్కుమన్నారు. పిన్ని మొహం పాలిపోయింది. వెనక బెంచీలో ఉన్న నేను చూస్తుండగానే చెక్క పూజ పుస్తకం కిందికి జారింది.

పిన్ని క్లాసులో ఓ వసపిట్ట ఉంది. నాలుకతో అచ్చం ఆ చెక్కలాగే టక్కుమనిపిస్తుంది. మంగళవారమే మెట్ల మీద అలా చేసి రెండు క్లాసుల్ని నిలబెట్టేసి దొరికిపోయింది. ఇంకేముంది, హెడ్ సిస్టర్ కళ్లు నేరుగా దాని మీద పడ్డాయి.

"నేను కాదు సిస్టర్! ఒట్టు!"

"టీచర్ గారు ఇన్నేళ్లలో ఒక్కసారి తప్పలేదు. పైగా ఒట్టొకటా? ఒప్పుకునేదాకా ఆదివారం సంగతి మర్చిపో."

ఆదివారం పూజలో ఆ పిల్ల మొదటిసారి ఫాదర్ చేతినుంచి దివ్యసత్ప్రసాదం తీసుకోవాలి. తెల్ల గౌను కుట్టించారని, దానికి పదకొండు గుండీలని, ఆఫీసుకొచ్చి నాకు కూడా చెప్పింది. ఇప్పుడు ఆఫీసు గోడకి ఆనుకుని, చొక్కా అంచు నలుపుకుంటూ నిలబడింది.

భోజనాల వేళ పిన్ని ఎదురుగా కూర్చున్నాను. "పిల్లని గోడకి నిలబెట్టారు. కొట్టింది నువ్వేగా?"

"నిదానంగా చెప్పవే, వినపడట్లేదు" అంటూ డబ్బా మూత తీసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. నా పెదాలు కనపడేలా ఆవిడ మొహం చూస్తూనే చెప్పాను మరి. చెవి దగ్గరికి వంగి మళ్లీ చెప్పాను. పిన్ని ముద్ద కలపకుండానే డబ్బా మూసేసింది.

"ఇంకో రెండేళ్లేనే నాకు ఇక్కడ. ఆ చెక్క లేకపోతే ఈ బడిలో నేనెవర్ని?"

ఏడుస్తుందేమో అనుకున్నాను. జాలేసింది, కోపమూ తగ్గలేదు. గంట కొట్టేశారు, లేచి వెళ్లిపోయింది.

ఆఖరి పీరియడ్‌కి పిన్ని క్లాసులోకి హెడ్ సిస్టర్ ముందు, కార్డుల పెట్టెతో నేను వెనక వెళ్లాం. పిల్లలు ఒక్కొక్కరే గచ్చు మీదికి వచ్చారు. ఒకడు చెల్లెలి రబ్బరు దాచాడు, ఇంకొకతె పళ్లు తోముకోకుండా తోముకున్నానంది. తర్వాత వసపిట్ట వంతు. తల బాగా దించేసింది.

"పూజలో నేనే చేశాను సిస్టర్ ఆ చప్పుడు."

"అమ్మయ్య! ఆ ముక్క పొద్దున్నే అంటే పోయేదిగా?" అని సిస్టర్ తెల్ల కార్డు కోసం నా వైపు చెయ్యి చాపారు.

పిల్ల పెదాలు పిన్నికి కనపడలేదు. నా వైపు తిరిగింది. "ఏమంది?"

పెట్టెలో కార్డు వెతుకుతున్నట్టు కాసేపు తడుముకున్నాను. అయినా ఆవిడకి వినపడాలంటే అరిచే చెప్పాలి కదా. "తనే చేశానంటోంది పిన్నీ!"

బడిలో పిన్నీ అన్నందుకు ఆవిడ నన్నేమీ అనలేదు. కాసేపు ఆ పిల్లనే చూసింది. చెక్క తీసి బల్ల మీద పెట్టింది. తలుపు దాకా నడిచి, పిల్లని మెల్లగా పక్కకి జరిపి, తను ఎర్ర గచ్చు మీద నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుంది. తల దించుకుంది.

"ఈ వారం నా తప్పు. చెక్క కొట్టింది నేను. నాకు చెవులు వినపడవు, రెండేళ్లుగా దాచాను. పొద్దుటినుంచి ఈ పిల్లని గోడకి నిలబెడితే చూస్తూ ఊరుకున్నాను."

సిస్టర్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. తర్వాత, ప్రతి పిల్లకీ చెప్పే మాటే చెప్పారు. "సరే. ఒప్పుకున్నారు. వెళ్లి కూర్చోండి."

పిన్ని కదల్లేదు. సిస్టర్ ఇంకోసారి అన్నారు. తల దించుకుని అలాగే నిలబడింది పిన్ని, శిక్ష కోసం కాచుకుని. అప్పుడు వసపిట్ట ఆవిడ చెయ్యి పట్టి లాగింది. మొహం పైకెత్తి, పెదాలు ఇంతేసి చేసి చెప్పింది.

"కూర్చోమంటున్నారు టీచర్!"

చెయ్యి పట్టుకునే తీసుకెళ్లి తన బెంచీలో కూర్చోబెట్టింది. తను మాత్రం కూర్చోలేదు. మళ్లీ గచ్చు మీదికి వెళ్లి చేతులు వెనక్కి కట్టుకుంది.

"ఈ వారం నా తప్పు సిస్టర్. ఇందాక అబద్ధం చెప్పాను."

"మళ్లీ ఏమంటోందే?" అని పిన్ని నా కొంగు లాగింది. ఈసారి చెప్పడానికి నాకు ఇంకా ఎక్కువ సేపు పట్టింది.