తడి కాన్వాస్ మీద రెండు వేళ్లు

కొన్నేళ్లుగా బొమ్మలన్నీ ట్యాబ్‌లోనే వేస్తున్నాను. ఇవాళ మనసాగక పంజాగుట్టలో ఆక్రిలిక్ రంగులూ, ఓ చిన్న కాన్వాసూ కొనేసి ఎస్.ఆర్. నగర్ హాస్టల్‌కి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాను. మంచం మీద పేపర్ పరిచి, పసుపు పూసిన బోనం కుండ వేశాను. ఆహా, ఆ రంగు వాసన! చుట్టూ వేపాకులు వేస్తుంటే ఒక రెమ్మ వంకర పోయింది. అలవాటుగా రెండు వేళ్లతో కాన్వాస్‌ని టక్కున తట్టాను. ట్యాబ్‌లో అలా తడితే చివరి గీత చెరిగిపోతుంది. ఇక్కడ చెరగలేదు సరికదా, కుండ మీద రెండు ఆకుపచ్చ వేలిముద్రలు పడ్డాయి. పనిచేయలేదేమోనని ఇంకోసారి తట్టాను!

పక్క మంచం మీద చదువుకుంటున్న రూమ్మేట్ స్రవంతి తలెత్తింది.

"ఏందే, బోనాన్ని నిద్ర లేపుతున్నవా?"

"తప్పు చెరుపుతున్నానే."

"మస్తు చెరిపినవ్ తియ్. ఒక్క తప్పుండె, ఐదైనయ్!"

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ ముద్రల మీద మళ్లీ రంగు వెయ్యను. ఇన్నేళ్లలో నా బొమ్మకి నా చెయ్యి తగలడం ఇదే మొదలు.

మీ చేతులు కూడా మిమ్మల్ని అడక్కుండా ఇలాంటి పనులు చేస్తాయా? చెప్పండి. స్రవంతి అయితే కాన్వాస్‌ని నాకందకుండా అల్మారా పైన పెట్టేసింది. ఇందాక దాన్ని జూమ్ చెయ్యబోయాను మరి.