ఉపవాసంలో ఉన్న రాధామనోహరం

మెల్‌బోర్న్‌లో చదువుకునే రోజుల్లో ఎవరు ఏ పని అప్పగించినా కాదనేదాన్ని కాదు. పక్కింటి పిల్లికి అన్నం పెట్టాను, తోటి విద్యార్థి పెళ్ళి శుభలేఖ దిద్దిపెట్టాను. ఏమీ చేయకుండా ఉండటాన్ని కూడా ఒక పనిగా అప్పగించేవాళ్ళు ఉంటారని మాత్రం అప్పుడు తెలియదు. ఆ ఒక్క పనీ చేతకాక ఒక చలికాలమంతా నేను పడ్డ అవస్థ చెబుతాను.

ఊరి శివారు క్రెయిగీబర్న్‌లో ఒక ఆంటీ ఇంట్లో ఇద్దరం అమ్మాయిలం గదులు అద్దెకి తీసుకుని ఉండేవాళ్ళం. రెండో అమ్మాయిది నల్గొండ, కాబట్టి ఆమెని నల్గొండ అనే పిలిచేదాన్ని. ఆంటీది భీమవరం. వృద్ధుల కేర్ హోమ్‌లో నర్సుగా పనిచేసేవారు. అంకుల్ పోయి అప్పటికి రెండేళ్ళు. వెనక పెరట్లో ఫెన్స్ మీదికి పాకించిన రాధామనోహరం అంకుల్‌కి ప్రాణమని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు ఆంటీ. వేసవిలో అది ఫెన్స్ కనబడకుండా పూసేది. సాయంత్రం తెల్లగా విచ్చుకున్న పువ్వు మర్నాటికి గులాబీ రంగుకీ, ఆపైన ఎరుపుకీ తిరిగేది. (ఇంతకు మించి వర్ణించను. చూసినవాళ్ళకి అక్కర్లేదు, చూడనివాళ్ళకి చాలదు.) జూన్‌లో, అక్కడ చలికాలం మొదలవుతుండగా, ఆంటీ తన తమ్ముడి కొత్త ఇంటి ప్రార్థనకని మూడు నెలలు ఊరికి బయలుదేరారు. సూట్‌కేసు పెట్టి కారెక్కాక మళ్ళీ దిగి నన్ను పెరట్లోకి లాక్కెళ్ళారు.

"అమ్మాయ్, దీనికి నీళ్ళు పొయ్యకు."

"ఎన్నాళ్ళు ఆంటీ?"

"నేనొచ్చేదాకా. చలికాలం దానికి ఉపవాసం అనుకో. ఆకులు రాలతాయ్, పుల్లలా అయిపోద్ది, చచ్చిపోయిందనుకుంటావ్. అనుకో, కానీ పొయ్యకు. బాగా మంచు పడేలా ఉంటే సాయంత్రం దుప్పటి కప్పి పొద్దున్నే తీసెయ్. కత్తిరించకు. అంతే."

అంతే అన్నారు. నేను ఫోన్‌లో రాసుకున్నాను కూడా.

రెండో వారానికి ఆకులు పసుపెక్కాయి. ఆకు వాడితే చెంబు పట్టుకుని పరుగెత్తే ఇంట్లో పెరిగినదాన్ని, అయినా నిగ్రహించుకున్నాను. జూలైలో వాన పడకపోయినా తీగ మొదట్లో మట్టి తడిగా ఉండటం, పులిసిన వాసన రావడం గమనించాను. ఒక సాయంత్రం యూనివర్సిటీ నుంచి త్వరగా వస్తే, నల్గొండ గిన్నెతో అక్కడ వంగి ఉంది.

"ఏం చేస్తున్నావే?"

"ఏం లే అక్కా. బియ్యం కడిగిన నీళ్లు."

"నీళ్ళు పొయ్యద్దన్నారు కదా!"

"నీళ్లెక్కడ పోసిన? బియ్యం కడిగినయి గదా. ఇవి సింక్‌ల పారబోస్తే మా అమ్మ నన్ను ఇంట్లకు రానియ్యదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రోజూ. పాపం, అది ఎండిపోతుంటే మనం చూస్కుంట ఎట్ల తింటం అక్కా?"

ఆ రోజు నేను అరిచిన అరుపులకి ఫెన్స్ అవతల ఉండే ఇటలీ తాత బయటికొచ్చి చూశాడు. మర్నాడు ఒక అట్టముక్క మీద "ఉపవాసం. నీళ్ళు పోయరాదు" అని రాసి తీగకి కట్టాను. ఆదివారం ఆంటీ చర్చి నుంచి ఒక పెద్దావిడ మాకు కూర తెచ్చారు. ఆ అట్ట చదివి, "ఉపవాసమైనా మంచినీళ్ళు తాగచ్చు తల్లీ" అని తన చేతిలోని సీసా మొత్తం అక్కడే వంపేశారు. ఎవరికని చెప్పను? పైగా నేను కూడా యూని నుంచి వచ్చాక నా సీసాలో మిగిలిన రెండు గుక్కలు దాని మొదట్లో పోసేదాన్ని. రెండు గుక్కల్ని నీళ్ళు అనరని నా ఉద్దేశం. (ఈ సంగతి నల్గొండకి ఇప్పటికీ చెప్పలేదు.)

తర్వాత మంచు పడింది. సాయంత్రం దుప్పటి కప్పాను. పొద్దున్న బస్సు తప్పిపోతుందని తీయకుండా పరుగెత్తాను. పరీక్షల వారం. వాన కురిసి, తడిసిన దుప్పటి నాలుగు రోజులు దాని మీదే ఉంది. తీసేసరికి కాండం నల్లబడి మెత్తగా ఉంది. ఆ రోజే ఆంటీ వీడియో కాల్ చేశారు.

"తీగ చూపించు."

"నెట్ సరిగా లేదాంటీ."

"నువ్వు బానే కనపడతన్నావుగా."

"పెరట్లో సిగ్నల్ రాదు."

"ఆకులున్నాయా?"

"కొన్ని."

"కొన్నంటే?"

"లెక్కపెట్టలేదాంటీ." (పెట్టాను. రెండు.)

ఆ తర్వాత నెలరోజులు పొద్దున్నే దాని ముందు మోకాళ్ళ మీద కూర్చునేదాన్ని. ఇటలీ తాత ఫెన్స్ మీంచి చూసి "నో వాటర్!" అని నవ్వి లోపలికి పోయేవాడు. నాకు అందరి మీదా కోపమే. తాత మీద, నల్గొండ మీద, ఈ చలిదేశంలో ఎండదేశపు తీగ పెట్టిన అంకుల్ మీద. ఆయనకి ప్రాణమైతే నా ప్రాణం మీదికి తెచ్చారు. ఆయన గుర్తుగా ఆంటీకి ఆ పెరట్లో మిగిలింది అదొక్కటే, దాన్ని చంపింది నేను అన్న ఆలోచనతో చదివింది ఒక్క ముక్క తలకెక్కేది కాదు.

ఆగస్టు చివర ఆంటీ వచ్చారు. నేరుగా పెరట్లోకి వెళ్ళి కాండాన్ని గోటితో గీరి చూశారు. లోపల కూడా నలుపే. పట్టుకుని లాగితే వేళ్ళతో సహా ఊడి వచ్చింది.

"అంకుల్ పెట్టింది ఆంటీ, నేనే చంపేశాను" అని ఏడ్చాను.

"అంకుల్ పెట్టింది మొదటి చలికాలమే పోయింది. ఆయనే నీళ్ళు పోసి పోసి చంపారు. రెండోదీ అంతే. ఇది మూడోది, నేను పెట్టింది. పూలంటే ఆయనకి ప్రాణమన్నాను గానీ పెంచడం వచ్చన్నానా?"

అని ఫెన్స్ దగ్గరికి వెళ్ళి కేకేశారు. తాత ఒక చిన్న కుండీ అందించాడు. అందులో రెండు పచ్చటి చిగుళ్ళు. ఫిబ్రవరిలోనే ఆంటీ ఈ తీగ కొమ్మనొకదాన్ని నేలకి వంచి, వేరు పట్టించి, ఊరెళ్ళే ముందు తాతకి ఇచ్చారట. మూడు నెలలు ఆయన వెచ్చటి కిటికీలో ఉంది.

"నాకు చెప్పచ్చు కదాంటీ!"

"చెబితే అక్కడికి కూడా వెళ్ళి తడుపుతారు. మీరంటే నాకు ప్రేమేనమ్మాయ్. నమ్మకం ఎక్కణ్ణుంచి తేను?"

ఒళ్ళు మండి రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. నల్గొండ మాత్రం ఎంతో వినయంగా అడిగింది: "మరి బియ్యం నీళ్లు యాడ పోయాలె ఆంటీ?"

ఈ ఏప్రిల్‌లో ఆంటీ పోయారు. ఆ కుండీ తీగకి వచ్చిన పిలక ఒకటి క్రాన్‌బర్న్‌లో మా పెరట్లో ఉంది. ఇప్పుడు జూలై, ఆకులన్నీ రాల్చింది. దాని గురించి చదవవలసినవన్నీ చదివాను. చలిలో తడి తగిలితే వేరు కుళ్ళుతుందని పదిమందికీ నేనే చెబుతాను. అప్పటి పాతికేళ్ళ నన్ను తలుచుకుని ఇన్నేళ్ళూ నవ్వుకున్నాను. నిన్న పొద్దున్న దాని దగ్గర నిలబడి ఉండగా చేతిలోని గ్లాసులో కాసిని నీళ్ళు మిగిలాయి. అటూ ఇటూ చూశాను. వద్దనడానికి ఎవరూ లేరు. పోసేశాను.