పడవ ముక్కు దిగిన రోజు

నేను కోడలిగా వచ్చేనాటికి మా అత్తమ్మ కృష్ణలో పుట్టి నడిపేది. ఆత్మకూరుకు కొంత దూరంలో, డ్యాం వెనక నీళ్లు పరుచుకున్న ఒడ్డున మా ఊరు. పుట్టి పెద్ద గంపలా గుండ్రంగా ఉంటుంది. ఎటు తెడ్డు వేస్తే అదే దానికి ముందు. నేనేమో గొర్రెలు కాసే ఇంటి పిల్లను. నీళ్లలో మోకాళ్ల దాకా దిగి గొర్రెలను కడగడం తప్ప ఇంకేమీ తెలియదు. అత్తమ్మే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వల చిక్కు తీయడం నేర్పింది.

తెలంగాణ వచ్చిన మూడు నాలుగేళ్లకు మా ఆయన ఒక ఫైబర్ పడవనూ, దాని వెనక చెక్కకు తగిలించే పాత పెట్రోలు మోటరునూ ట్రాలీ ఆటోలో వేసుకుని తెచ్చాడు. చూడడానికి సగం ఊరు ఒడ్డుకు వచ్చింది. అత్తమ్మ మాత్రం దూరంగా బండ మీద కూర్చుని చిరిగిన వల కుట్టుకుంటూ ఉంది. మోటరు చప్పుడుకు చేపలు బెదిరిపోతాయని ఆమె కోపం.

మొదటిసారి ఆయన వెనక మోటరు పక్కన కూర్చున్నాడు. మనిషి ఎనభై కిలోలకు తక్కువ ఉండడు. చేతికి అందాలని పెట్రోలు డబ్బా, ఐసు పెట్టె, తడి వలలు అన్నీ తన కాళ్ల దగ్గరే పేర్చుకున్నాడు. బక్కదాన్ని నేనొక్కదాన్నే ముందు. తాడు నాలుగోసారి లాగితే మోటరు అందుకుంది. వేగం పెంచే పిడి తిప్పాడో లేదో, పడవ ముక్కు నన్నెత్తుకుని పైకి లేచింది. రెండు అంచులూ గట్టిగా పట్టుకున్నాను.

"ముందట ఏమన్న కనిపిస్తాందా?" అని వెనక నుంచి అరిచాడు.

"మబ్బులు కనిపిస్తున్నయ్," అన్నాను.

ఆయన కంగారుపడి మోటరు ఒక్కసారిగా తగ్గించాడు. అప్పటిదాకా మా వెనకే తరుముకొచ్చిన అల వెనక చెక్క దాటి లోపలికి దూకింది. ఐసు పెట్టె తేలింది. ఆయన బకెట్‌తో, నేను గిన్నెతో నీళ్లు తోడుతుంటే నాకు నవ్వు మొదలైంది, ఆగలేదు. నన్ను చూసి ఆయనకూ వచ్చింది. ఒడ్డుకు చేరేసరికి ఇద్దరికీ కడుపు నొప్పి.

మరునాడు సామానంతా ముందుకు, నా దగ్గరికి చేర్చాడు. ఈసారి ముక్కు నీళ్లలోకి దిగబడింది, వెనక భాగం లేచింది, మోటరు కింద నీళ్లలో తిరిగే ఫ్యాను పైకి తేలి మోటరు గొంతు చించుకుంది. పడవ మాత్రం కదల్లేదు.

అప్పుడు నాకు మా అన్న గుర్తుకొచ్చాడు. సంతకు గొర్రెలను ట్రాలీ ఆటోలో ఎక్కించేటప్పుడు బరువైన పొట్టేళ్లన్నిటినీ వెనక నిలబెడితే ముందు చక్రం తేలిపోయి హ్యాండిల్ మాట వినదు. అందుకే పొట్టేళ్లను నడుమ నిలబెట్టి, గొర్రెపిల్లలను చుట్టూ వదిలేవాడు. ఆ సంగతే ఆయనకు చెప్పాను. పెట్రోలు గొట్టం పొడుగే కాబట్టి డబ్బాను నడుమకు జరిపాం. పెట్టె, వలలు కూడా నడుమకే వచ్చాయి. మిగిలింది ఆయన బరువు. పిడి పట్టాలంటే వెనకే ఉండాలి కదా. చేనులో పడి ఉన్న ప్లాస్టిక్ పైపు ముక్క తెచ్చి, ఒక కొస చీల్చి, పిడికి తొడిగి, క్లిప్పుతో బిగించాం. పైపు తిప్పితే పిడి తిరుగుతోంది. ఆయన దర్జాగా నడుమ పలక మీద కూర్చున్నాడు.

ముక్కు దిగింది. కానీ వేగం పెంచగానే పడవ కోడి గింజలు ఏరుకున్నట్టు లేస్తూ పడుతూ పోయింది. మోటరు వాలు మార్చే మేకును తీసి, పడవ వైపున్న పక్క రంధ్రంలో గుచ్చితే ఆ గంతులు తగ్గాయి. అయినా పడవ మలుపు తిరిగినప్పుడల్లా మోటరు అరుస్తూనే ఉంది. రెండు రోజులుగా బండ మీద నుంచి అంతా చూస్తున్న అత్తమ్మ లేచి వచ్చింది.

"నీ ఫ్యాను నీళ్లు గాదురా, గాలి మింగుతాంది. రెండు వేళ్ల మందం కిందికి దించు," అంది.

ఆయన రంపం తెచ్చి వెనక చెక్కను రెండు వేళ్లంత కోశాడు. మోటరు ఆ మేరకు కిందికి దిగి, ఫ్యాను పైనున్న రేకు పడవ అడుగుకు సమంగా వచ్చింది. అత్తమ్మ కొంగు దోపుకుని, అడగకుండానే పడవ ఎక్కేసింది. ఒడ్డు దాటగానే, "ఇటు తే," అని పైపు లాక్కుంది.

పైపు ఎడమకు తోస్తే పడవ కుడికి పోతుంది. ఆ సంగతి మేం చెప్పలేదు. పడవ గిర్రున తిరిగింది. మళ్లీ తిరిగింది. ఆయన వాళ్లమ్మ మీద పడకుండా పలకను కరుచుకున్నాడు, నేను అడుగున కూలబడ్డాను. నాలుగు చుట్లకు ఆమెకు కిటుకు దొరికింది. పైపు మెలితిప్పింది. ఈసారి ముక్కు ఎత్తకుండా, మోటరు అరవకుండా పడవ నీళ్ల మీద జారిపోయింది. గాలికి అత్తమ్మ జుట్టు ముడి ఊడింది. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. భయపడిందేమో అనుకున్నాను, నవ్వుతోంది.

అవతలి ఒడ్డున ఆమె అక్క బట్టలు ఉతుకుతోంది. పుట్టిలో అయితే పొద్దెక్కేదాకా తెడ్డు వేయాల్సిన దూరం. అక్క నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి, తోలేది తన చెల్లెలేనా అని రెండుసార్లు అడిగింది. నమ్మకం కుదిరాక ఉతికే చీరను బండ మీదే వదిలేసి, సబ్బు చేతులతోనే పడవ ఎక్కింది.

"మీరు దిగుండ్రి," అంది అత్తమ్మ మాతో. "నలుగురైతే బరువైతది."

దిగాం. అక్కచెల్లెళ్లిద్దరూ నడుమ పలక మీద సరిసమంగా సర్దుకున్నారు. పడవ నీళ్ల మీద గీత గీసినట్టు పోయింది. వాళ్ల నవ్వు మోటరు చప్పుడును దాటి మా దాకా వినిపించింది. వాళ్లు ఎప్పుడు తిరిగొస్తారో తెలియక, ఆ సబ్బు చీరను నేనూ మా ఆయనా చెరో కొస పట్టుకుని జాడించి పిండాం.