పలక తుడిచే ముందు

ఒకటో తరగతి వాళ్లు అచ్చులు అరుస్తుంటే, వాళ్ల పక్కనే మూడో తరగతి వాళ్లు ఏడో ఎక్కం సాగదీసి చదువుతుంటే, వెనక ఐదో తరగతి వాళ్లు చెవులు మూసుకుని పాఠం బట్టీ పడుతుంటే పుట్టే చప్పుడు ఒకటుంది. బయటివాళ్లకది సంత గోల. నాకు మాత్రం అది వినబడితేనే ప్రాణం కుదుటపడుతుంది. దొనకొండ దగ్గర నేను పనిచేసే బడిలో అన్ని తరగతులకూ ఒకటే గది, నేనొక్కదాన్నే టీచర్ని. మొన్న ఒక పిల్లవాడి తండ్రి గుమ్మంలో నిలబడి కాసేపు ఆ గోల విన్నాడు. "ఏంది మేడమ్ ఇది? ఇంత గోలలో మావోడికి ఏం ఎక్కుతాది? టౌన్లో అయితే క్లాసుకొక రూము ఉందంట" అన్నాడు. నాకు చిన్నప్పుడు చదువు చెప్పిన సుభద్రమ్మ టీచరు గుర్తొచ్చింది.

మా ఊరు మార్కాపురం నుంచి గిద్దలూరు పోయే రోడ్డు దిగి లోపలికి చాలా దూరం నడిస్తే వస్తుంది. టీచరమ్మ రోజూ మార్కాపురంలో బస్సెక్కి, రోడ్డు మీద దిగి, ఎండలో నడిచి వచ్చేది. వచ్చేసరికి చీర అంచుకు ఎర్రమట్టి, కోపం ముక్కు మీద. మేమున్నది ఒకటే గది, ఒకటే నల్లబల్ల. దాన్ని సుద్దగీతలతో అయిదు ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఒక్కో తరగతి పాఠం రాసేది. ఒక వరసకు చెబుతూ, వెనక్కి తిరక్కుండానే ఇంకో వరసలో ఎవరు గిల్లుకుంటున్నారో చెప్పగలిగేది. ఆమెకు వీపున కూడా కళ్లున్నాయని మేమంతా గట్టిగా నమ్మేవాళ్లం.

నేను రెండో తరగతిలో ఉండగా ఒకరోజు ఆమె నాలుగో తరగతి వాళ్లను ఏదో ప్రశ్న అడిగింది. వాళ్లు నీళ్లు నములుతుంటే నేను ఉండబట్టలేక జవాబు చెప్పేశాను.

"ఏమ్మే చెన్నమ్మా, నీదే క్లాసు?"

"రెండు టీచర్."

"మరి నాలుగోళ్ల ప్రశ్న నీకెట్ల వచ్చింది?"

"వినపడింది టీచర్."

అందరూ ఘొల్లుమన్నారు. ఆమె మాత్రం నవ్వలేదు. "చెవిన పడిందంటే అది నీదే. కూచో" అంది. ఆ మాటతో నాకు పట్టపగ్గాలు లేకుండా పోయాయి. నా పాఠం కంటే పై తరగతుల పాఠాలు ఎక్కువ విన్నాను. పెద్దవాళ్లు పాడిన పద్యాలు అర్థం తెలియకుండానే నోటికొచ్చాయి. వాటి అర్థం తర్వాత తీరిగ్గా తెలిసింది. అలాంటి బడిలో చదివిన పిల్లలకు దక్కే సుఖం అది.

ఆమె బడిలో ఒక కట్టడి ఉండేది. లెక్క మనకు వస్తే చాలదు, పక్కన కూర్చున్నవాళ్లకు అర్థమయ్యేదాకా పలక తుడవకూడదు. "అయింది టీచర్" అని మనం చెయ్యెత్తితే ఆమె మనల్ని అడిగేది కాదు, పక్కవాళ్లను అడిగేది. వాళ్లు చెప్పలేకపోతే ఇద్దరం నిలబడాలి. అందుకని మా బడిలో ఎవరి లెక్కా వాళ్లొక్కరిదే అయ్యేది కాదు. పక్కవాళ్లు దిక్కులు చూస్తుంటే చాలు, ఎవరూ చెప్పకుండానే అటు తిరిగి వివరించడం మొదలుపెట్టేవాళ్లం. అది మాకు ఊపిరి తీసుకోవడమంత మామూలు సంగతి.

ఐదో తరగతికి వచ్చేసరికి నేను ఒకటో తరగతి వాళ్లకు చిన్న టీచర్నయిపోయాను. గొర్రెల వెంట తిరిగి వచ్చే మా నాయన ఊళ్లో అందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. నేను మురిసిపోయినదానికైతే లెక్కే లేదు. కానీ మా వరసలో ఉన్నది నేనూ ఇంకో పిల్లాడే. చిన్నవాళ్లందరి పని అయ్యి మా వంతు వచ్చేసరికి గొర్రెలు ఊళ్లోకి తిరిగొచ్చేవి, బడి గంట కొట్టేసేవాళ్లు. అ ఆలు దిద్దించడంలో నా అంతటిది లేదు గానీ, భిన్నాలు మాత్రం నాకు సగమే వచ్చాయి.

మా ఊళ్లో ఐదుతో బడి ఆఖరు. ఆ తర్వాత ఆడపిల్లలు గొర్రెల్లోకో చేలోకో పోవలసిందే. పరీక్ష రాసి గురుకులంలో సీటు తెచ్చుకుంటే తిండీ చదువూ అన్నీ అక్కడే. "సీటొస్తే నీ బతుకు మారిపోతాది పాపా, ఈటి ఎంబడి తిరిగే పనుండదు" అని నాయన రోజూ అనేవాడు. నాకు భిన్నాలు రావని తెలిసి టీచరమ్మ హడలిపోయింది. గంట కొట్టాక నన్ను కూర్చోబెట్టుకుని చెప్పేది. బస్సు తప్పిపోతే పాలవ్యాను ఎక్కి వెళ్లేది. పరీక్ష నాటికి భిన్నాలు పూర్తిగా పట్టుబడ్డాయి.

పరీక్ష మార్కాపురంలో. నాయన ఉతికిన పంచె కట్టుకుని వచ్చి గేటు బయట నిలబడ్డాడు. లోపల ఒక్కో బల్లకు ఒక్కరే. అంత నిశ్శబ్దంలో నేనెప్పుడూ కూర్చోలేదు. భయమేసింది. అయినా లెక్కలన్నీ చేశాను. తలెత్తి చూస్తే పక్క బల్ల దగ్గర ఒక పిల్ల కాగితం మీద కన్నీళ్లు కారుస్తూ, "ఇదెట్ల చెయ్యాల, ఇదెట్ల చెయ్యాల" అని గొణుక్కుంటోంది. నేను ఇంకేమీ ఆలోచించలేదు. వంగి, ఒకటో తరగతి వాళ్లకు చెప్పే గొంతుతోనే, గదంతా వినబడేట్టు, "అట్ల కాదు పాపా, ముందు కింది అంకెలు సమానం చెయ్యాల" అని చెప్పడం మొదలుపెట్టాను. కాపలా ఉన్న సారు వచ్చి నా కాగితం లాక్కున్నాడు. "కాపీ కొట్టిస్తావా?" అని బయటికి పంపేశాడు. కాపీ అంటే నాకు కాఫీ ఒక్కటే తెలుసు. గేటు దగ్గర నాయన, "ఏంది పాపా, అప్పుడే అయిపోయిందా?" అని సంతోషంగా ఎదురొచ్చాడు.

మర్నాడు గొర్రెలను అమ్మకు అప్పజెప్పి, నన్ను చెయ్యి పట్టుకుని బడికి లాక్కొచ్చాడు. "టీచరమ్మా, పక్కోళ్లకు చెప్పమని నేర్పిస్తివి. చెప్పింది. నా బిడ్డ సీటు పాయె" అన్నాడు. మొదటిసారి ఆ గదిలో అన్ని తరగతులూ నోరు మూసుకున్నాయి. జరిగిందంతా విని టీచరమ్మ నావైపు తిరిగింది. దెబ్బలు తప్పవనుకున్నాను.

"ఆ పిల్లకు అర్థమయిందా?" అని అడిగింది.

"అయింది టీచర్. తలూపింది."

ఆమె కుర్చీలో కూలబడింది. బడి జరుగుతుండగా ఆమె కూర్చోవడం మేమెన్నడూ చూడలేదు. సుద్దపొడి అంటిన కొంగుతో కళ్లు తుడుచుకుంది. "అన్నా, తప్పు పాపది కాదు. చెప్పమని నేర్పినా గానీ, ఎప్పుడు చెప్పగూడదో నేర్పలేదు. నాకది తోచలేదు" అంది.

"నీకు తోచకపోతే నా బిడ్డ గొర్రెల్లోకి పోతాది టీచరమ్మా" అన్నాడు నాయన.

నిజంగానే నేను గొర్రెల్లోకి పోయాను. బళ్లు తెరిచాక కూడా పోయాను. టీచరమ్మ రోజూ నేరుగా మా ఇంటికొచ్చి, "అన్నా, పాపను పంపు. మా ఇంట్లో ఉండి హైస్కూలుకు పోతాది. నా బిడ్డలతో పాటే తింటాది" అని అడిగేది. నాయన ముఖం తిప్పుకునేవాడు. మర్నాడు మళ్లీ వచ్చేది. అలా అడిగీ అడిగీ వానలు పడేవేళకు ఒప్పించింది.

హైస్కూలులో తరగతికొక గది. ఉన్నమాట చెప్పాలి, అక్కడ చదువు నాకు సాఫీగా సాగింది. నా పాఠం నాకు సగంలో ఆగకుండా అందింది. అలాంటి గది మా ఊరి బడిలో ఉంటే నా కాగితం ఎవరూ లాక్కునేవారు కాదు. కానీ అక్కడ పక్కనున్న పిల్ల ఏడ్చినా ఎవరూ తిరిగి చూసేవారు కాదు. నాకు అక్కడ చాలాకాలం అన్నం సహించలేదు.

టీచరమ్మ పోయి చాలా కాలమైంది. గుమ్మంలో నిలబడిన ఆ తండ్రికి చివరికి నేను చెప్పింది ఇదే: "ఈ గోలలో కొంత ఎక్కుతాది అన్నా, కొంత పోతాది. ఏం పోతాదో నాకు తెలుసు. ఐదోళ్ల పాఠం పొద్దున్నే చెప్తాను." అతను నమ్మాడో లేదో తెలియదు. పిల్లవాణ్ని మాత్రం మాన్పించలేదు.

పరీక్ష పెట్టే రోజు పిల్లలను దూరదూరంగా కూర్చోబెడతాను. "ఈ గంటసేపు పక్కనోళ్లు ఏడ్చినా అటు తిరగగూడదు" అని గట్టిగా చెప్తాను. వాళ్లు బుద్ధిగా తలలూపుతారు. టీచరమ్మ నాకు చెప్పకుండా వదిలేసిన మాట అది. నేను ఏటా తప్పకుండా చెప్తాను. అయినా ఎవరో ఒకరు తిరుగుతారు. కసురుకుంటాను, కళ్లెర్రజేస్తాను. అప్పుడు నా గొంతు నాకే నచ్చదు. ఏ ఏడాదైనా ఒక్కరూ తిరగకపోతే మాత్రం నాకు ఆ రాత్రి నిద్ర పట్టదు.